మధ్యలో నడిచిన మనిషి

మా డ్రిల్ సార్ ఈ నెల మొదటి మంగళవారం తెల్లవారుజామున అశోక్‌నగర్‌లోని తమ ఇంట్లో, నడకకు బూట్లు వేసుకుంటూ, గుండె ఆగి చనిపోయారు. ఎనభై దాటాయి. ఒక బూటుకు లేసు కట్టడం అయింది, రెండోదానికి కాలేదు. ఆ రోజు పక్క హాస్టల్‌లో సగం మంది ఆలస్యంగా లేచారు. పోటీ పరీక్షలకు చదివే ఆ పిల్లలు అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు. రోజూ సార్ పాట ఎత్తుకుని గేటు దాటేవారు, వాళ్లు దానికే లేచేవారు. మొదట్లో కిటికీలోంచి తిట్టిన పిల్లలే ఆ సాయంత్రం పూలదండతో వచ్చారు.

నెలాఖరు ఆదివారం భువనగిరి నడక ఉందని సార్ మాకు ముందే చెప్పి పెట్టారు. ఆయన లేకుండా అది సాగుతుందా అన్న అనుమానం మా కాళ్ల గురించి కాదు. రాజేశం, సుదర్శన్ అనే ఇద్దరి గురించి.

మేం ముగ్గురం నారాయణగూడ బడిలో ఒకే తరగతి. రాజేశానికి అశోక్‌నగర్‌లో పరీక్షల పుస్తకాల దుకాణం ఉంది. సుదర్శన్ కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. నేను విలేకరిని. సార్ రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మమ్మల్ని మళ్లీ లైన్లో నిలబెట్టారు. ఏటా చలికాలంలో ఒక దూరపు నడక: చిక్కడపల్లిలో బయలుదేరి, రాంనగర్ మీదుగా ఉప్పల్, ఘట్‌కేసర్ దాటి భువనగిరి కోట దాకా, మధ్యలో ఒక రాత్రి ఆగి. నడకకు ముందు శనివారం చిక్కడపల్లి ఇరానీ హోటల్లో తనిఖీ ఉండేది. మనవలున్న మగవాళ్లం మేజాకు పక్కగా కాళ్లు చాపి సార్‌కు గోళ్లు చూపించేవాళ్లం. పెరిగి ఉంటే చాయ్ లేదు.

రాజేశం, సుదర్శన్ మాట్లాడుకోక పదేళ్లు దాటింది. కారణం ఒక అడ్డదారి. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు వదిలి చెరువు గట్టు మీదుగా పోదామని ఇద్దరిలో ఒకరన్నారు. మిట్టమధ్యాహ్నం దాకా బురదలో తిరిగి, గట్టెక్కే ముందు చాయ్ తాగిన బండి దగ్గరికే తేలాం. బండాయన కొత్త గిరాకీ అనుకుని గ్లాసులు కడిగాడు. అడ్డదారి మాట మొదట ఎవరన్నారన్నదే తగాదా. నేను అక్కడే ఉన్నాను గానీ బూటులో రాయి తీసుకుంటూ వెనకబడ్డాను. కాబట్టి ధ్రువీకరించలేను.

అప్పటి నుంచి ఒకరితో ఒకరు అనాల్సిందంతా సార్‌తో అనేవారు. ఎడమ పక్క రాజేశం, కుడి పక్క సుదర్శన్, మధ్యలో సార్. ప్రతి అక్షరం అవతలివాడికి వినిపించేది. అయినా సార్ ఆ కబురు మోసేవారు. మోసేటప్పుడు మార్చేవారు.

ఒకసారి బీబీనగర్ దగ్గర సుదర్శన్ మోకాలు పట్టుకుని రాయి మీద కూలబడ్డాడు. రాజేశం సార్‌తో, “తిండి తగ్గించుకొమ్మంటె ఇనడు. ఇగ ఈ బస్తాను భువనగిరి దాక ఎవడు మొయ్యాలె?” అన్నాడు.

సార్ కుడి పక్కకు తిరిగారు. “మోకాలు ఎట్లుందని అడుగుతుండు.”

“వాని అబ్బ సొమ్మేమన్న తిన్ననా?” అన్నాడు సుదర్శన్.

సార్ ఎడమ పక్కకు తిరిగారు. “జర నయమంటుండు.”

రాజేశం తన సంచిలోంచి మోకాలి పట్టీ తీసి సార్‌కిచ్చాడు. సార్ దాన్ని సుదర్శన్‌కిచ్చారు. అది ఆ సంచిలోకి ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. రాజేశం మోకాళ్లు అప్పుడూ ఇప్పుడూ నిక్షేపంగా ఉన్నాయి.

సార్ గొంతు బాగుండేదని రాయలేను. మైదానం అవతలి చివర నిలబడ్డ పిల్లల కోసం తయారైన గొంతు అది. కానీ తన తల్లి దగ్గర నేర్చుకున్న బతుకమ్మ వరసలు, నాట్ల పాటలు ఆయన దగ్గర దండిగా ఉండేవి. వరస అమ్మది, మాటలు మాత్రం ఆ పూట రోడ్డు మీద దొరికినవి. “ఎన్కకెళ్లి లారీ వచ్చె” అని ఆయనంటే మేం “ఉయ్యాలో” అనాలి. “ఎడమకు జరుగుండ్రి” అంటే మళ్లీ ఉయ్యాలో. ఒకసారి ట్రాక్టర్లో పోతున్న ఆడవాళ్లు బండి ఆపించి మా చప్పట్లు సరిదిద్దారు. “అలసేది కాళ్లు గాదురా, ఖాళీగ ఉన్న నోరు” అనేవారు సార్. మాట్లాడుకోని ఆ ఇద్దరూ పదేళ్లూ ఉయ్యాలో మాత్రం ఒక్క గొంతుతో అన్నారు.

పదకొండో రోజు భోజనాల్లో ఇద్దరూ ఒక కుర్చీ ఖాళీ వదిలి చెరో పక్క కూర్చున్నారు. సుదర్శన్ గోడ మీది ఫొటో వైపు చూసి, “సార్, ఆదివారం ఆయనొస్తడో రాడో అడుగుండ్రి” అన్నాడు. రాజేశం కూడా ఫొటోకే బదులిచ్చాడు. “నడిచెటోళ్లు నడుస్తరు సార్. చాతగానోళ్లు బస్సెక్కుతరు.” ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఎదురుచూశారు.

పక్క గదిలో కూర్చున్న సార్ భార్య అది విన్నారు. “ఆయన ఫొటో అయిండు బిడ్డా. ఇగ మీ కబుర్లు మొయ్యడు” అన్నారు. ఇద్దరూ నా వైపు తిరిగారు.

నేను ఆ పని విలేకరిలా చేశాను. ఇటు మాట అటు, అటు మాట ఇటు, ఉన్నదున్నట్టు. మూడో కబురుకు ఇద్దరూ విస్తరి ముందు నుంచి లేచిపోయారు. “నీకు పేపర్ల ఉద్యోగం ఎట్లిచ్చిండ్రు బిడ్డా?” అని సార్ భార్య అడిగారు. ఇంట్లో మనిషి పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఇక నడక లేదనుకున్నాను.

వారం తర్వాత రాజేశం ఫోన్ చేశాడు. “ఆ ముసలోనికి చెప్పు. తోవల మోకాలు పట్టుకొని కూసుంటె నేను ఆగ.”

నేను సుదర్శన్‌కు ఫోన్ చేశాను. “మోకాలు పైలంగ చూసుకొమ్మంటుండు. పట్టీ తెస్తడట” అన్నాను. ఇన్నేళ్ల వృత్తిలో ఒకరి మాటను ఇంతగా మార్చింది లేదు.

“వాడు గట్లనలేదు” అన్నాడు సుదర్శన్.

“అనలేదు.”

“ఇగ నుంచి గట్లనే చెప్పు. పట్టీ ఎడమ కాలికి అని చెప్పు.”

చెప్పాను. “నాకు తెల్వదా?” అన్నాడు రాజేశం.

ఈ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి సార్ గేటు దగ్గర కలుస్తున్నాం. రాత్రికి ఘట్‌కేసర్‌లో బస, సోమవారం సాయంత్రానికి భువనగిరి. అడ్డదారులు లేవు. ఎడమ పక్క రాజేశం, కుడి పక్క సుదర్శన్, మధ్యలో నేను. ఆ ఒక్క పొద్దుకు అలారాలు అక్కర్లేదని హాస్టల్ పిల్లలకు చెప్పి ఉంచాం. పాట ఎత్తుకోవాల్సింది నేనేనట. ఇందులో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అదీ నాకు విడివిడిగానే చెప్పారు.