మొదటి దెబ్బ

మాది కడప. సౌదీలోని ఖఫ్జీలో చమురు కంపెనీ స్టోరులో పనిచేస్తాను. అక్కడి నార్వే ఇంజనీరు పెద్దాయన పెట్టెల మీది పొడుగాటి పేర్లు చదవడం నాకు నేర్పాడు. "మా భాషలో రెండు మాటలు అతికితే ఒక పేరు. మొదటి ముక్కను గట్టిగా పలుకు, మిగతాది తేలిగ్గా" అంటూ ఒక్కో అక్షరానికీ బల్ల మీద వేలితో కొట్టేవాడు. పనిముట్ల పెట్టె 'వెర్క్‌తొయ్‌షిస్తె'. రోజూ పొద్దున నేను బల్ల కొట్టి "వెర్క్" అంటే, మిగతాది ఆయన పూర్తిచేసేవాడు. అదే మా పలకరింపు.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మా డ్రైవర్ రఫీతో కలిసి ఆసుపత్రికి వెళ్లాను. నవ్విద్దామని మంచం రాడ్డు మీద కొట్టి "వెర్క్" అన్నాను. ఆయన పెదాలు వణికాయి, మాట రాలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా కొట్టాను. మళ్లీ కొట్టాను.

"చాల్లే అన్నా, ఆయప్ప ఏడుస్తాండాడు" అని రఫీ నా చెయ్యి పట్టుకున్నాడు.

నవ్వించబోయి ఒక మనిషిని అంత ఏడిపించాను. ఆయన్ని వాళ్ల దేశానికి పంపేశారు. ఆ పెట్టె ఇంకా స్టోరులోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా వేలు ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది.