లేని తారీఖున సుబేదారికి

సెప్టెంబర్ మూడు, ఉదయం ఏడుంబావుకి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కాగితాల ప్రకారం ఆ రోజుకి నాకు యాభై ఎనిమిది నిండాయి. ఆ తారీఖు మా అమ్మ చెప్పింది కాదు, బడిలో చేర్చుకున్న రోజున సోషల్ సారు రాసింది. నేను కాన్పుల వార్డులో నర్సుని. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరి పిల్లలో పుట్టిన గంటా నిమిషమూ రిజిస్టర్‌లో రాస్తున్నాను. నేనెప్పుడు పుట్టానో మాత్రం తెలియదు. అమ్మను అడిగితే, "సారుకు జెప్పిన గదా, ఆయన రాసిండు" అని పనిలో పడిపోయేది. నా ట్రైనింగు పూర్తి కాకముందే పోయింది. ఆమె ఆ రోజు ఏం చెప్పిందో తెలిసిన మనిషి ఇక సారొక్కరే. ఆయన ఒక్కొక్కరినీ మరిచిపోతున్నారని మొన్న సుబేదారి నుంచి వాళ్ల కోడలు ఫోన్లో చెప్పింది. ఇక ఆగితే నేనూ ఆయనకు గుర్తుండనని సెలవు పెట్టాను.

కిటికీ పక్క సీటు దొరికింది. భువనగిరి గుట్ట మబ్బులో సగమే కనిపించింది. తర్వాత అంతా పచ్చటి వరి. రైలు ఊపుకి కునుకు పట్టి, పాలంపేట దగ్గరి మా ఊరి బడి కళ్లలోకి వచ్చింది. సారు దగ్గర ఒకే ఒక్క లావు పుస్తకం ఉండేది, బ్రిటన్ చరిత్ర. రోజూ పొద్దున బోర్డు మూలన "బ్రిటన్‌లో ఈ రోజు" అని ఒక ముక్క రాసేవారు. సెప్టెంబర్ రెండున లండన్ తగలబడింది. రొట్టెల దుకాణంలో లేచిన నిప్పు అని చెబితే, పక్కూరి సంగతి విన్నట్టు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. మూడున జర్మనీ మీద యుద్ధం ప్రకటించారు. పోయి పోయి నా పుట్టినరోజుకే యుద్ధం రావాలా అని ఏటా అలిగేదాన్ని. ఆ కునుకులో లండన్ మంటలు మా వరిచేల అవతల కనబడ్డాయి. ఎవరూ పరుగెత్తడం లేదు.

జనగామలో మెలకువ వచ్చింది. పక్కన కూర్చున్నామె, పేరు రజియమ్మట, టిఫిన్ డబ్బా తీసి నాకో చపాతీ పెట్టింది. కాజీపేటలో కూతురి దగ్గరికి పోతోందట. నా ప్రయాణం సంగతి విని నవ్వింది.

"మా ఇంట్ల నలుగురం పిల్లలం. నలుగురం జూన్ ఒకటినే పుట్టినం. సార్లు మాత్రం ఏం జేస్తరు పాపం. మా అమ్మకు రంజాన్ అయినంక అని తప్ప తెల్వది."

"నాకు ఆ మాటైనా చాలమ్మా," అన్నాను.

"ఫికర్ జెయ్యకు. పెద్దోళ్లకు నిన్నటిది పోతది గని పాతది పోదు."

తొమ్మిదిన్నరకి కాజీపేట. సుబేదారికి వెళ్లేవాళ్లు వరంగల్ దాకా పోనక్కర్లేదు, ఇక్కడే దిగాలి. స్టేషన్ బయట చాయ్ తాగి సిటీ బస్సెక్కి అదాలత్ స్టాపులో దిగాను. సన్నటి తుంపర. పదిన్నరకి సారు ఇంటి గేటు తీశాను.

"పొద్దుటి నుంచి నన్నే ఎవలని అడుగుతాండు అక్కా," అంది కోడలు, నా గొడుగు అందుకుంటూ.

వరండాలో కుర్చీలో సారు బాగా చిన్నగా అయిపోయి ఉన్నారు. నా పేరు, ఊరి పేరు, అమ్మ పేరు చెప్పాను.

"మందు గోలీలు తెచ్చినవా బిడ్డా?" అన్నారు.

ఆలస్యం చేశాననుకున్నాను. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇయ్యాల ఏం తారీఖు?" అని ఆయనే అడిగారు.

"సెప్టెంబర్ మూడు సారూ."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "గీ తారీఖు బ్రిటన్ల ఒకపారి లేకనే పాయె, తెలుసా? పదిహేడు వందల యాభై రెండుల. క్యాలెండర్ సూర్యునితోని కలుస్తలేదని పదకొండు రోజులు తీసేసిండ్రు. బుధారం నాడు రెండో తారీఖు. పండుకొని లేస్తే బేస్తారం, పద్నాలుగో తారీఖు."

"మాకు యుద్ధమనే చెప్పారు కదా సారూ?"

"గిది నేను దాసుకున్న. మా బడికి ఒకామె పిల్లను తోల్కొచ్చింది. తారీఖు తెల్వదన్నది. నేనేది రాసినా అబద్ధమే. లేని తారీఖు రాస్తే అబద్ధం జర చిన్నగుంటదని మూడు అని రాసిన."

"ఆమె ఇంకేమన్నా చెప్పిందా సారూ?" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. "పొలంల కలుపు తీస్తాంటే ఎండల వాన పడ్డదట. మబ్బుల ఏడు రంగుల సింగిడి ఏసిందట. 'సింగిడి ఇంక పోకముందే పిల్ల పుట్టింది సారూ, అది ఎన్ని గంటలో నువ్వే రాసుకో' అన్నది. రాద్దామంటే రిజిస్టర్ల దానికి ఖానా గీసి లేకపాయె."

నేను ఏడ్చాను. ఆయన కంగారుగా చూశారు.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"ఆ పిల్లనే సారూ."

కోడలు పప్పు, బీరకాయ కూరతో అన్నం పెట్టింది. నేను బయల్దేరేటప్పటికి సారు నిద్రపోతున్నారు.

మూడుంబావు రైలుకి తిరుగు ప్రయాణం. జనగామ దాటాక మళ్లీ తుంపర, చేలలో ఆడవాళ్లు ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని వంగి ఉన్నారు. వాళ్లలో ఎవరిని చూసినా అమ్మలాగే అనిపించింది. టికెట్ వెనక్కి తిప్పి, వార్డులో రాసినట్టే వరుసగా రాశాను. తల్లి పేరు రాశాను. బిడ్డ, ఆడ. బరువు తెలియదు. తారీఖు దగ్గర గీత గీశాను. సమయం: సింగిడి పోకముందు. కింద నర్సు సంతకం పెట్టే చోట నా సంతకం పెట్టాను.