రాతి బెంచీ మీద ఇస్త్రీ అక్క

వారమంతా నిలబడి చేసే పని ఇస్త్రీ అక్కది. వీధి మలుపులో ఇరుకు గది, గదికి అడ్డంగా బల్ల, బల్ల మీద నాలుగు మడతల దుప్పటి, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి చొక్కా. ముందు కాలరు, తరవాత చేతులు, చివరికి వీపు. గదిలో కుర్చీ ఒకటి ఉంది గానీ, దాని మీద ఇస్త్రీ అయిన బట్టలు కూర్చుంటాయి. పక్క కొట్టులో ఆమె మొగుడు వాచీలు బాగుచేస్తాడు. ఆయన కంటికి అద్దం తగిలించుకుని వంగాడంటే మళ్ళీ సాయంత్రానికే నడుం ఎత్తడం. కాబట్టి ఆదివారం పొద్దున్నే నడకకి పోవాల్సింది న్యాయంగా ఆయన. న్యాయంగా నడిచే కాపురాలు ఎక్కడున్నాయి గనక!

సముద్రం ఒడ్డున వారం వారం తను నడిచే బృందం ఒకటుందని, అందులో చేరమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఆయన అక్క. ఆవిడ పోస్టాఫీసులో గుమాస్తా. తమ్ముడేమో "నాకు ఆదివారమే గోడ గడియారాల పని" అని నున్నగా తప్పుకున్నాడు. ఆ పోరు కాస్తా మరదలి నెత్తిన పడింది.

"ఏమే, డాక్టరు నిన్నూ నడవమన్నాడుగా?" అంది వదిన.

"అన్నాడు వదినా. కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు" అంది ఇస్త్రీ అక్క. అన్నా, మర్నాడే బూట్లు కొనుక్కుంది.

బృందానికి పెద్ద డ్రిల్ మాస్టారు. బళ్ళో ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ మెడలో ఈల మాత్రం మానలేదు. చేపల జెట్టీ దగ్గర బయల్దేరి, ఒడ్డు వెంట విరిగిన పడవ దాకా నడిచి, అక్కడ కాసేపు ఆగి, కొండ మీద రాతి బెంచీ దాకా ఎక్కి, అక్కడ ఇంకాసేపు ఆగి, లైట్‌హౌస్ దగ్గర దిగడం వాళ్ళ దారి. ఫోన్లు తేకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం మరొకటుంది. దాన్ని మాస్టారు ప్రతివారం ఛాతీ విరుచుకుని చెబుతాడు.

"చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. మనం ఎవర్నీ వదలం!"

వినడానికి ఎంత దయగల నియమమో! అనుభవించేవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. ఇస్త్రీ అక్కది కొంచెం భారీ విగ్రహం, పైగా వారమంతా నిలబడ్డ కాళ్ళు. మొదటి ఆదివారం నుంచీ ఆ చివరి మనిషి ఆమే. మిగతావాళ్ళు చకచకా పడవ దగ్గరికి చేరి, ఇసకలో చతికిలబడి, నీళ్ళు తాగి, బిస్కెట్లు తిని, కబుర్లాడుతూ ఆమె కోసం ఆగుతారు. ఆమె రొప్పుతూ వచ్చి పడవ అంచు మీద చెయ్యి వేస్తుందో లేదో, మాస్టారు ఈల ఊదుతాడు.

"అమ్మయ్య, వచ్చేసింది. ఇక బయల్దేరదామా?"

అందరూ హుషారుగా లేస్తారు. ఈవిడ కూర్చోవడానికి వంచిన మోకాలు వంచినట్టే ముందుకి వెయ్యాలి. కొండ మీద బెంచీ దగ్గరా ఇదే వరస. అలిసినవాళ్ళకి ఆగడం లేదు, ఆగినవాళ్ళకి అలుపు లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, పైగా క్షమాపణ కూడా ఆమే చెప్పుకోవాలి.

"ఏమనుకోకండి, నావల్ల మీ అందరికీ ఆలస్యం."

"దాందేముందక్కా! మనం ఎవర్నీ వదలంగా" అని పళ్ళ డాక్టరు నోరంతా తెరిచి నవ్వుతాడు. తాటిచెట్టంత మనిషి, ఒక్క అంగకి ఆమె రెండంగలు వెయ్యాలి.

ఇంటికొచ్చాక మొగుడు అద్దం తియ్యకుండానే అడుగుతాడు. "సముద్రం ఎలా ఉంది?"

"డాక్టరుగారి మడమల్లా ఉంది" అంటుంది ఆమె. అబద్ధం కాదు. కొండ ఎక్కేంతసేపూ ఆమెకి కనిపించేవి అవే.

ఒకసారి ధైర్యం చేసి నోరు విప్పింది. "మాస్టారూ, ఒక్క నిమిషం కూర్చోనివ్వండి."

"కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయమ్మా. ఆలస్యం అమృతం విషం!" అన్నాడు మాస్టారు, అప్పటిదాకా బెంచీ మీద కాళ్ళు బారజాపుకుని ఉన్న మనిషి.

ఒళ్ళు మండింది ఇస్త్రీ అక్కకి. ఆ వారం మాస్టారి ప్యాంట్లకి కాలికి రెండేసి మడతలు పడ్డాయి. ఆయన గమనించకుండానే తొడుక్కుని తిరిగాడు. దాంతో ఇంకా మండింది.

అప్పుడు తీర్మానించుకుంది. వచ్చే ఆదివారం ఎలాగైనా ఆ రాతి బెంచీ మీద ఒళ్ళు వాల్చి కూర్చోవాలి, సముద్రాన్ని కళ్ళారా చూడాలి. అది జరగలేదా, ఈ నడకకీ ఈ బూట్లకీ ఓ దండం. మానడం తలుచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంది. వారమంతా పరాయివాళ్ళ చొక్కాలతో గడిపే మనిషికి, ఆ చొక్కాల్లో మనుషులుండగా చూసేది ఆ ఒక్క పూటే. ఎంత మండినా వాళ్ళంటే ఆమెకి ఇష్టం.

ఆదివారం ఇంకా తెల్లవారకముందే ఆమె జెట్టీ దాటేసింది. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒక్కడే చూశాడు. ముందు మడమలు లేవు, ఎక్కడా ఎవరూ ఎదురుచూడటం లేదు. కాళ్ళు లాగితే నిలబడింది, లాగడం మానితే నడిచింది. చిత్రం, ఎవరూ ఆగి లేకపోతే తను అంత నెమ్మదస్తురాలేం కాదు. ఎండ ఎక్కకముందే కొండ మీదికి చేరి, బెంచీ మీద కూలబడి, బూట్లు కూడా విప్పేసింది. బెంచీ చల్లగా ఉంది.

ఎదురుగా సముద్రం. ఎంత రుద్దినా మడతలు పోని బట్టలా అలా పరుచుకుని ఉంది. "ఇది నావల్ల కాదు తల్లీ" అని పైకే అనేసింది. అన్నాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. తన వంతు పని కానిది ఇంత పెద్దది ఒకటి ఉన్నందుకు ఆమెకి ప్రాణం హాయిగా ఉంది.

కాసేపటికి కింద పడవ దగ్గర బృందం చేరింది. ఇక్కణ్ణుంచి చీమల్లా కనిపిస్తున్నారు. వాళ్ళొచ్చాక అనాల్సిన మాట ఆమె వారం రోజులుగా ఇస్త్రీపెట్టెకి వినిపిస్తూనే ఉంది. ఇంకోసారి అనుకుని చూసుకుంది. కానీ వాళ్ళు కదలరే! కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు. తరవాత లేచి జెట్టీ వైపు వెళ్ళారు, పడవ దగ్గరికి తిరిగొచ్చారు, మళ్ళీ వెళ్ళారు. మాస్టారు కొత్త వ్యాయామం ఏదో పెట్టాడు కాబోలనుకుంది.

అక్కడ జరిగిందేమిటో తరవాత వదిన చెప్పింది. ఎప్పట్లాగే ఈవిడ వెనకాల వస్తోందనుకుని బయల్దేరారు. పడవ దగ్గర ఆగారు. నియమం నియమమే, చివరి మనిషి రాకుండా కదలకూడదు. మొదట్లో "ఇవాళ మంచి విశ్రాంతి" అని సంబరపడ్డారు. బిస్కెట్లు అయిపోయాక భయం పట్టుకుంది. వదిన "మా తమ్ముడికి ఏం మొహం చూపించను" అని శోకాలు మొదలుపెట్టింది. మాస్టారు కాలుకాలిన పిల్లిలా ఒడ్డంతా తిరిగాడు. పొదలు వెతికారు, రాళ్ళ సందులు వెతికారు. చివరికి జెట్టీ ముసలాయన్ని అడిగారు.

"ఆవిడా? చీకటితోనే వెళ్ళిపోయిందిగా, అటు ముందుకి" అన్నాడు ఆయన.

"అబ్బే, ఆవిడ అయ్యుండదు" అని అందరూ ఒక్కమాటగా తేల్చేసి, మళ్ళీ వెనక్కే వెతికారు. ముందు ఉండొచ్చని ఒక్కరికీ తట్టలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది వ్యవహారం.

ఈల అదేపనిగా మోగేసరికి ఇస్త్రీ అక్కకి అనుమానం వచ్చింది. లేచి నిలబడి తువ్వాలు ఊపింది. అందరి మొహాలూ జెట్టీ వైపే తిరిగి ఉంటే ఎవరికి కనిపిస్తుంది? ఎంతోసేపటికి డాక్టరు చెమట తుడుచుకోడానికి తల ఎత్తాడు.

కొండ మీదికి ముందు చేరింది డాక్టరు. తరవాత వదిన, ఏడుస్తూ తిడుతూ. "బతికే ఉన్నావుటే! కాళ్ళు విరగ్గొడతాను నీకు!" అని వాటేసుకుంది. మిగతావాళ్ళు వచ్చి ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. అందరికంటే ఎక్కువ తిరిగిన మాస్టారు అందరి వెనకా వచ్చాడు. చేతులు మోకాళ్ళ మీద ఆనించి, గుడ్లు తేలేసి నిలబడ్డాడు.

ఇస్త్రీ అక్క తాపీగా బూట్లు తొడుక్కుని లేచింది.

"అమ్మయ్య, వచ్చేశారు. ఇక బయల్దేరదామా?"

"ఒక్క... ఒక్క నిమిషం కూర్చోనివ్వమ్మా" అన్నాడు మాస్టారు.

'ఆలస్యం అమృతం విషం' నాలిక చివరే ఉంది. వారమంతా దాచుకున్న మాట. కానీ ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు, ప్రతి ఆదివారం తన గొంతే. మాట మింగేసి, చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళ సీసా అందించింది.

మాస్టారు తాగాడు. కాళ్ళు జాపాడు. ఊపిరి కుదురుకున్నాక ఆయనకి ఏదో తట్టింది.

"అవునమ్మా, ఇన్నాళ్ళూ నువ్వొచ్చాక ఇక్కడ ఎంతసేపు కూర్చునేదానివి?"

"నేనెప్పుడు కూర్చున్నాను మాస్టారూ?"

మాస్టారు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు నోరు మూసుకుని వదిన వైపు చూశాడు. వదిన తన బూట్ల లేసుల్ని తెగ పరీక్షించింది. కాసేపటికి మాస్టారు మెడలోంచి ఈల తీసి, అంగీకి తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు కొండ దిగేసరికి మధ్యాహ్నమైంది.

ఇంటికొచ్చేసరికి మొగుడు గోడ గడియారం విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. "సముద్రం ఎలా ఉంది?" అన్నాడు అలవాటుగా.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎంత చెప్పినా తరగలేదు. ఆయన కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టేశాడు.

"వచ్చే ఆదివారం మీరే వచ్చి చూడండి" అంది.

"నేనా? నేను అందరికంటే వెనక పడిపోతాను."

"పడండి. ఈల నా దగ్గరుంది."