మామ అడిగిన ఏడు సంతకాలు

మీ ఎదుట మనిషి కూలిపోతే, ఫోన్ చేయడానికి తాటిచెట్టు ఎక్కగలరా? నేను ఎక్కలేకపోయాను. మా పక్కింటి మామ పోయిన మంగళవారం వెళ్లిపోయాడు.

పొద్దున కల్లు గీయడానికి ఎక్కినవాడు జారి పడ్డాడు. నా చేతిలో ఫోన్ ఉంది, సిగ్నల్ లేదు. మా పల్లెలో అది ఆ చెట్టు తలమీదే దొరుకుతుంది. ఎక్కడం వచ్చిన ఒక్కడూ కింద పడి ఉన్నాడు. బండి మీద బీర్పూర్ రోడ్డుకు ఉరికి, అంబులెన్సును పిలిచి తిరిగొచ్చేసరికి అత్త ఒడిలో ఆయన తల చల్లబడింది.

పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు, పింఛను కాగితాలు చెట్టు కింద నిలబడి ఫోన్లో ఎంత నొక్కినా పోవు. ఊరి ఫోన్లన్నీ సంచిలో వేసుకుని ఎక్కి, పంపించి దిగేవాడు మామ. కల్లు పాపమని మైకులో గొంతు చించుకునే సువార్తికుణ్ణి నేను. నా ఫోనూ ఆ సంచిలోనే ఎక్కేది. ప్రభువును చూడాలని బైబిల్లో జక్కయ్య మేడిచెట్టు ఎక్కిన సంగతి ఓసారి చెబితే నవ్వాడు.

"మీ జక్కయ్య ఒక్కపారి ఎక్కిండు అల్లుడా. నేను దినాం మూడుపార్లు ఎక్కుత. నాకేమియ్యడా మీ దేవుడు?"

ఇంటర్నెట్ తీగ రోడ్డు దగ్గరే ఆగింది. సర్వేకు వచ్చిన కంపెనీ మనిషి దాచలేదు. "ఇండ్లు తక్కువ, అవి గూడ దూరం దూరం. నడుమ బండనేల. గింత దూరం తీగ గుంజితే మాకు గిట్టది."

"గా గుట్ట కాడ ఒక్కటే తాటిచెట్టు ఉన్నది సారూ," అన్నాడు మామ. "దూరమని గీయకుంట ఇడిసిపెడుతున్ననా? పోకుంటే దాని ధార ఎండుతది."

ఆ మనిషి మెత్తబడ్డాడు. ప్రతి ఇల్లూ కనెక్షన్ తీసుకుంటామని సంతకం పెడితే పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. గడువు ఈ ఆదివారం సాయంత్రం.

మామ గడపగడపకూ తిరిగాడు. ఏడిండ్లు తలుపేసుకున్నాయి. ఏడూ మన చర్చి సంఘానివే, మొదటిది మాదే. నెట్ సాతాను వల అని ప్రసంగించింది నేనే కదా!

"నీ నోరు పెద్దది అల్లుడా," అన్నాడు, పడిపోవడానికి ముందురోజు. "గా ఏడిండ్లకు నువ్వే చెప్పాలె."

"ప్రార్థన చేసి చెప్త మామా."

"చెయ్యి. గని జల్ది చెయ్యి."

దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకున్న యాజకుడి మీద ఎన్నిసార్లు మండిపడ్డాను! ఆ యాజకుణ్ణి నేనే.

ఆయన నడుముకు బిగించి ఎక్కే మోకు ఇంకా ఆ చెట్టు మొదట్లోనే ఉంది. సంతకాల కాగితం అత్త దగ్గరుంది, మడతలో కల్లు మరకతో. ఖాళీ గీతల్లో మొదటిదాని మీద నా పేరు రాశాను. ఆరు మిగిలాయి.

ఇవాళే ఆదివారం. ఆరాధన అయ్యాక చూద్దామనకండి. లేవండి, అత్త గడపకు రండి. పెన్ను నా జేబులో ఉంది.