తెర వెనక తలుపు

కార్తీకమాసం రెండో ఆదివారం, సాయంత్రం ఆరూ నలభై. మద్దిలపాలెం దగ్గర సాంస్కృతిక కేంద్రం ఉంది కదా, దాని మూడో అంతస్తు హాల్లో సినిమా నడుస్తోంది. పక్కకి చెయ్యి చాపితే మా తోటికోడలి కుర్చీలో మనిషి తగల్లేదు. వెంటనే ఫోను వెలిగించి చూశాను కాబట్టి టైము గుర్తుంది.

నాకు అక్షరాలు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాక వచ్చాయి, చర్చి వరండాలో పెట్టిన సాయంకాలం బడిలో. అందుకని తిప్పి తిప్పి రాయడం చేతకాదు. ఆ రోజు నేను భయపడ్డాను. అదే రాస్తాను.

తోటికోడలంటే మా ఆయన అన్నగారి భార్య. నాకంటే పెద్దది, అప్పా అని పిలుస్తాను. జాలరిపేటలో మా ఇద్దరి ఇళ్ళకీ ఒకటే గోడ. ఇద్దరివీ చేపల గంపలే. కార్తీకంలో సగం ఊరు నీచు ముట్టదు, బేరాలు పడిపోతాయి, ఊరికే కూర్చుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి వచ్చి, రెండేళ్ళపాటు మా వీధిని తీసిన సినిమా ఆ హాల్లో వేస్తున్నామనీ, అందరూ రావాలనీ పిలిచింది. సినిమా అయ్యాక నన్ను మైకులో రెండు ముక్కలు మాట్లాడమంది.

అప్ప ఒప్పుకోలేదు.

“అదేటే, మన ఈది సూడ్డానికి మద్దిలపాలెం ఎల్లాలా? గుమ్మంలో కూకుంటే కనపడదేటి?”

“అందులో నువ్వున్నావంట పెద్దమ్మా,” అంది మా అమ్మాయి.

“నానుంటే మరీ ఎందుకే? నన్ను నాను రోజూ సూత్తన్నాను.”

“అమ్మ మైకులో మాటాడతాదంట. మధ్యలో ఆపడానికి నువ్వుండాల.”

దానికి నవ్వి, చీర మార్చుకుంది. కాబట్టి ఆవిణ్ణి తీసుకెళ్ళింది మేమే. ఆ మాట తర్వాత నా తలలో చాలాసేపు తిరిగింది.

హాలు బాగుంది. ఏసీ, మెత్తటి కుర్చీలు. మోకాలు చాపుకోవాలని అప్ప దారి పక్క కుర్చీలో కూర్చుంది. సినిమాలో మా వీధి కనపడింది, వేలంపాట కనపడింది. అప్ప ఎవరినో తిడుతున్న ముక్క వచ్చినప్పుడు హాలంతా చప్పట్లు. ఆవిడ నా మోచేతిని గిల్లి, “తిట్టు సగమే ఎట్టింది, మిగతాది కోసీసింది గుంట,” అంది. అప్పటికి బాగానే ఉంది.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. ఆ పెద్ద తుఫాను రోజు మా పేట కుర్రాళ్ళు ఫోన్లలో తీసిన బొమ్మల్ని ఆ అమ్మాయి అందులో కలిపింది. బొమ్మ మసకగా ఉంది, కానీ చప్పుడు మసకగా లేదు. నాలుగు మూలలా స్పీకర్లు. గాలి ఊళ వేసుకుంటూ గోడలోంచి వచ్చినట్టు వచ్చింది. కుర్చీ వణికింది. కళ్ళు మూసుకున్నాను, అదే నేను చేసిన తప్పు. తెరిచి చెయ్యి చాపేసరికి కుర్చీలో అప్ప సంచి ఉంది, అప్ప లేదు.

బాత్రూముకి వెళ్ళిందనుకున్నాను. సంచి అటుపక్కనున్న మా అమ్మాయికిచ్చి, వంగి వంగి తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి ఎవరో “కూర్చోండమ్మా, కనపడటం లేదు” అన్నారు. బయట వాచ్‌మన్ స్టూలు మీద ఉన్నాడు.

“బాబూ, ముసలావిడ ఇటొచ్చిందా?”

“ఎవరూ రాలేదమ్మా. నానిక్కడే ఉన్నాను.”

“మరి లోపల లేదు.”

అతను ఒక్క క్షణం ఆలోచించి లేచాడు.

“తెర ఎనక్కి గానీ ఎల్లిందేటి?”

“అక్కడేటుంది?”

“ఎనక తలుపుంది. దాని బయట ఇనప మెట్లుండేవి. తుప్పట్టీసాయని ఇప్పీసారు, కొత్తవింకా ఎయ్యలేదు.”

“తాళం?”

“తాళం లేదమ్మా. గడియ ఒక్కటే.”

అప్పుడు నాకు అర్థమైంది ఆవిడ ఎక్కడుందో. అక్కడికి ఎందుకు వెళ్ళిందో కూడా.

మా రేకుల ఇళ్ళలో తుఫాను గాలికి ఒక పద్ధతుంది. గాలి కొట్టే వైపు తలుపు మూసి గడియ పెట్టాలి. రెండో వైపు తలుపు తియ్యాలి. లోపల దూరిన గాలికి బయటికి దారి లేకపోతే అది రేకుల్ని ఎత్తుకుపోతుంది. ఆ పెద్ద తుఫానులో మా ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అప్ప నేల మీద పాకుతూ వెళ్ళి సముద్రం వైపున్న వెనక తలుపు తీసింది. మా వీధిలో రేకులు మిగిలిన ఇళ్ళలో మాదొకటి. ఇన్నేళ్ళయినా, గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, ఆవిడ నిద్రలోంచి లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్తుంది. మతి లేక కాదు. బేరంలో వందకి ఎంత నష్టమో నాకంటే ముందు చెప్తుంది. ఆ చప్పుడు వినపడితే మాత్రం ఆవిడ చేతులు ఆవిడ మాట వినవు.

వాచ్‌మన్‌ని సినిమా ఆపించమన్నాను. “అరవకు. లైట్లు ఒక్కసారే ఎయ్యకు. దడుసుకుని తోసీగలదు,” అన్నాను. అతను మిషను గదికి పరిగెత్తాడు. నేను గోడ పట్టుకుని ముందుకి నడిచాను.

తెర వెనక ఇరుకు. విరిగిన కుర్చీలు, చుట్టిన తివాచీలు. తెరలోంచి వచ్చే వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టు నీలంగా ఆడుతోంది. ఆ చివర అప్ప. వీపు నా వైపు. రెండు చేతులూ గడియ మీద. కొత్తగా వేసిన రంగుకి గడియ అతుక్కుపోయినట్టుంది, పైకీ కిందికీ ఊపుతోంది. కిర్రుమంటోంది. భుజం తలుపుకి ఆనించింది. గడియ జారితే ఆ భుజంతోనే బయటికి పోతుంది.

పిలుద్దామనుకున్నాను. గాలి చప్పుడులో వినపడదు. వెళ్ళి పట్టుకుందామంటే, వెనక నుంచి ముట్టుకుంటే ఇంకా గట్టిగా తోస్తుందేమోనని భయం. నావాళ్ళు ఎంతోమంది పోయారు, కడుపున పుట్టినవాణ్ణి కూడా పోగొట్టుకున్నాను. అయినా అంత దగ్గరగా, అంత నెమ్మదిగా ఒక మనిషి నా కళ్ళ ముందే పోబోవడం ఎప్పుడూ చూడలేదు. అడుగు పడలేదు. ఇది నిజం. నిలబడిపోయాను.

అంతలో సినిమా ఆగింది. చప్పుడంతా ఒక్కసారి తెగిపోయింది. తెర చీకటైంది, పక్క గోడ మీద చిన్న బల్బు వెలుతురు మాత్రం మిగిలింది. అవతల జనం గుసగుసలు.

అప్ప చేతులు ఆగాయి. తల కొంచెం ఎత్తి వింటోంది.

ఆ వినడం నాకు తెలుసు. ఆ రోజు కూడా గాలి ముందు కొండల వైపు నుంచి కొట్టి, మధ్యలో ఇలాగే చచ్చిపోయినట్టు ఆగింది. తెలియనివాళ్ళు అయిపోయిందనుకుని బయటికొచ్చారు. మేము రాలేదు. కాసేపటికి అది సముద్రం వైపు నుంచి, రెండో పక్క నుంచి తిరగబడింది.

అప్పుడు పిలిచాను.

“అప్పా, గాలాగింది.”

“ఊఁ.”

“ఇప్పుడెటు తిరుగుద్ది?”

ఆవిడ వెనక్కి తిరగలేదు. చెవి తలుపుకి ఆనించింది.

“ఇటుకే,” అంది. “ఇటు నుంచి కొడతాది.”

“మరి ఆ తలుపు?”

“ముయ్యాల.” గడియని వెనక్కి నెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించింది. “సూత్తన్నావేటే? ముందు తలుపు తియ్యి, బేగి!”

అప్పుడు వెళ్ళి రెండు చేతులతో నడుము పట్టుకున్నాను. పట్టుకుని కూలబడ్డాను. ఆవిడా నాతో కూలబడింది. ఆవిడ ఒళ్ళంతా చెమట. వాచ్‌మన్ టార్చి నేల మీదికి వేసుకుని వచ్చాడు. ఆ వెలుతురులో అప్ప చుట్టూ చూసుకుంది.

“ఇదేటి, మన ఇల్లు కాదేటి?”

“కాదప్పా. సినిమా హాలు.”

“సినిమా అయిపోనాదా?” అంది సిగ్గుగా.

మైకులో నేను మాట్లాడలేదు. సినిమా తీసిన అమ్మాయి వచ్చి మా ముందు నేల మీద కూర్చుని ఏడ్చింది. అప్పే ఆ పిల్ల తల నిమిరింది. వెళ్ళేముందు ఒక్కసారి ఆ తలుపు తీసి చూపించమని వాచ్‌మన్‌ని అడిగాను. చూడకపోతే ఇంకా ఎక్కువ ఊహించుకుంటాననిపించింది. అతను గోడ పట్టుకుని జానెడు తీశాడు. కింద సందులో ఒక ఆటో లైటు, చిన్నగా. గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనప ఊచలు. నేను ఊహించుకున్నదాని కంటే ఎత్తు. అతను తలుపు మూసి ఆ గడియకి తీగ చుట్టాడు.

ఆటోలో అప్ప అంది, “ఆ గుంట మన ఈదిని బాగా తీసింది. గాలే ఎక్కువెట్టీసింది.”

మెట్లు లేవని ఆవిడకి నేను ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడకి చదువు రాదు కాబట్టి ఇక్కడ రాయగలిగాను. ఇప్పుడు గాలి వేస్తే నేనే ముందు లేస్తున్నాను. గోడకి చెవి ఆనించి, అవతల ఆవిడ దగ్గు వినపడేదాకా పడుకోను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళని రాసిపెడుతున్నాను. పేర్లు వద్దు, వాళ్ళకి తెలుసు. సినిమా తీసిన అమ్మాయి. నేను చూడని మిషను గది మనిషి, సమయానికి ఆపాడు. ఆ రోజు నుంచి నేను తమ్ముడా అని పిలుస్తున్న వాచ్‌మన్. మా పేట నుంచి వచ్చిన ఎదురింటి మొగుడూ పెళ్ళాలు, చివరిదాకా వాళ్ళకేమీ తెలియదు. నన్ను కూర్చోమన్న వెనక కుర్చీ ఆయన, ఆయనతోపాటు హాల్లో ఉన్న, నాకు తెలియని జనం. సంచి ఒళ్ళో పెట్టుకుని మా ఇద్దరి కోసం చీకట్లో ఎదురుచూసిన మా అమ్మాయి. నేను. మా అప్ప.