గంటకో చుక్క

మా మిలిటరీ ట్రక్కు పాతబస్తీ చేరేసరికి పొద్దున ఏడు కావస్తోంది. ఎనభైల తొలి ఏళ్ల మాట. రోజుల తరబడి కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. గల్లీల్లో మడమ లోతు బురద. చార్మినార్ వెనక, లక్క గాజులు చేసే వాడలో, ఓ బడిలో రెండు గదులు మాకిచ్చారు. సరిహద్దు కబుర్లు చెబితే చెవులు రిక్కించే మా ఊరివాళ్లు, పాతబస్తీలో జనం కళ్లలో మందేసి వచ్చానంటే నవ్వుతారు. నవ్వనీండి. నా సర్వీసు మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే డ్యూటీ అదే.

మేం నలుగురం. కంటి డాక్టరైన కెప్టెన్, వైర్‌లెస్ ఆపరేటర్, డ్రైవర్, నర్సింగ్ అసిస్టెంట్‌గా నేను. టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ ట్యూబులు, చుక్కల మందు సీసాలు, దూది, కాచి చల్లార్చిన నీళ్ల డ్రమ్ము మా సామగ్రి. వాడలో కండ్లకలక తగ్గించి రమ్మని ఆర్డరు.

కెప్టెన్ మొదటి రోజే తేల్చి చెప్పాడు. కన్ను ఎర్రబడి నీళ్లు మాత్రమే కారుతుంటే కడిగి పంపాలి, యాంటీబయాటిక్ దండగ. చిక్కటి పచ్చ పుసి కడితేనే ట్యూబు ఇవ్వాలి. కింది రెప్ప కిందికి లాగి, బియ్యపుగింజంత మందు పెట్టాలి. ట్యూబు మూతి కంటికి తగలకూడదు. ఒకరిది ఒకరు వాడకూడదు. కన్ను తేటపడినా, చెప్పినన్నాళ్లూ మందు ఆపకూడదు. ఇదంతా నా వచ్చీరాని ఉర్దూలో చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది.

వారం తిరిగినా క్యూ తగ్గలేదు. ఇంకా ట్యూబులు పంపమని ఆపరేటర్ వైర్‌లెస్ సెట్‌లో యూనిట్‌ను అడిగాడు.

"కళ్లలో వేస్తున్నారా, రొట్టెలకు పూస్తున్నారా? ఓవర్."

"వచ్చి చూసుకోండి. ఓవర్."

కెప్టెన్‌కు నవ్వు రాలేదు. ఇళ్లకెళ్లి చూసి రమ్మని నన్ను పంపాడు. ఒక్క గల్లీ తిరిగేసరికి సంగతి బయటపడింది. మేమిచ్చిన ట్యూబులన్నీ సీలు కూడా తీయకుండా గోడ గూళ్లలో కూర్చున్నాయి. అందరి కళ్లలోనూ తిరుగుతున్నది ఒకే ఒక్క ట్యూబు. ముందుగా నయమైంది ఓ పెద్దావిడకి కాబట్టి, ఆమె ట్యూబుకే గుణం ఉందని వాడ నమ్మింది. గుణం చూపిన మందు ఇంట్లో దాచుకోకూడదు, పక్కింటికి ఇవ్వాలి. అది అక్కడి ఆనవాయితీ. పెరుగు తోడు పుచ్చుకున్నట్టు ఆ ట్యూబు ఇల్లిల్లూ తిరిగింది. దాంతోపాటు పుసీ తిరిగింది.

వాడంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆ పెద్దావిడది లక్క గాజులకు రాళ్లు అద్దే పని. నేను వెళ్లేసరికి కుడికంటికి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. కట్టు విప్పి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. కన్ను కాస్త తేటపడగానే ట్యూబు ఇచ్చేసి పనిలో కూర్చుంది. రాయి ముక్క ఎగిరి కంట్లో గీసుకుంది. అసలే మానని కన్ను, వేయడానికి మందు లేదు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకిచ్చావని గట్టిగానే అడిగాను.

"నా కన్ను సాఫ్ అయింది బేటా. పక్కింటి పిల్ల లబలబ ఏడుస్తుంటే దవా గూట్ల పెట్టుకొని ఎట్ల పండుకుంటా?"

చెయ్యి పట్టుకుని ఆమెను బడికి తీసుకొచ్చాను.

కెప్టెన్ టార్చి వేసి చూశాడు. పుండు నడిమికి పాకితే ఆ కంటికి చూపుండదన్నాడు. ఒంటి కన్నుతో గాజు మీద ఆవగింజంత రాయి అద్దడం అయ్యే పని కాదు. ఆసుపత్రికి రమ్మంటే ఆమె ససేమిరా అంది. రెండు రోజుల్లో గుణం కనిపించకపోతే ట్రక్కులో ఎత్తుకెళ్తానని కెప్టెన్ షరతు పెట్టాడు. పుండును మెల్లగా గీకి శుభ్రం చేశాడు. చుక్కల మందులో జెంటామైసిన్ ఇంజెక్షన్ కలిపి ఘాటు పెంచాడు. పగలూ రాత్రీ గంటకో చుక్క. ఒక్కటి తప్పినా పుండుదే పైచేయి.

బయట క్యూ, లోపల ఖాలా. ఎలాగా అనుకుంటుంటే ఆ పక్కింటి పిల్ల తల్లి వచ్చింది. మార్కెట్ నుంచి పూలు తెచ్చి అమ్ముకునే మనిషి. వెనకే గల్లీ ఆడవాళ్లంతా.

"సార్, మీరు లైన్ చూసుకోండ్రి. ఖాలా కన్ను మేం చూసుకుంటం. ఆమె దవా మా అందరి కండ్లల్ల ఉన్నది."

ఒక్కొక్కరికీ నేర్పి పరీక్ష పెట్టాను. సబ్బుతో చేతులు కడగడం, రెప్ప లాగడం, సీసా తగలకుండా చుక్క వదలడం. పూలు కట్టే చేతులు, గాజులు తిప్పే చేతులు, ఒక్కటీ వణకలేదు. మా గార్డు డ్యూటీలు ఏనాడూ అంత కచ్చితంగా మారలేదు. గంట కాగానే ఆపరేటర్ కిటికీలోంచి "ఖాలా చుక్క, ఓవర్" అని కేకేసేవాడు. వాడు కేకేసేసరికి చుక్క పడిపోయి ఉండేది. చేతులు కడిగించి చుక్క వేయించడం చూశాక, గూళ్లలోని ట్యూబులూ కిందికి దిగాయి. ఎవరి కంటికి వాళ్ల ట్యూబు. క్యూ పలచబడింది.

రెండో రోజు సాయంత్రం పుండు చూసిన కెప్టెన్‌కు మార్పేమీ కనిపించలేదు. ట్రక్కు సిద్ధంగా పెట్టమని డ్రైవర్‌కు చెప్పాడు. తెల్లారి మళ్లీ చూశాడు. అంచు తేటపడింది. ట్రక్కు అక్కర్లేదు. ఆ మాట విని పూలమ్మే ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేనూ పక్కకు తిరిగాను, దూది సర్దుతున్నట్టు.

వాడలో కలక అణిగాక రిటర్న్ ఆర్డరు వచ్చింది. ట్రక్కెక్కే ముందు ఖాలా కన్ను ఆఖరుసారి పరీక్షించాం. అంచున చిన్న మచ్చ మిగిలింది. కెప్టెన్ ఆమె ఎడమ కన్ను మూయించి, దూరంగా నిలబడి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమన్నాడు. ఆమె ఆ వేళ్ల వంక చూడనే లేదు. కెప్టెన్ పక్కన నిలబడ్డ నా యూనిఫాం వంక చూసింది.

"బేటా, పచ్చంగికి తెల్లదారంతోని గుండీ ఎవరు కుట్టిండ్రు? గింత ఖరాబుగనా?"

సాయంత్రానికి బ్యారక్‌కు చేరిపోయాం. ఆ తర్వాత ఎన్నో పోస్టింగులు చూశాను, చాలా మర్చిపోయాను. ఇది మాత్రం పోదు: బడి వరండాలో ఆడవాళ్లంతా నా గుండీ చూసి పడీ పడీ నవ్వుతున్నారు, కెప్టెన్ వేళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి.