సుగుణమ్మ టీచరు కొట్టివేయించిన మాట

సుగుణమ్మ టీచరు ప్రభువునందు నిద్రించారన్న వార్త మొన్న మంగళవారం కావలి నుంచి ఫోన్‌లో వచ్చింది. బుచ్చిరెడ్డిపాలెంలోని మా బట్టల అంగట్లో నేనొక చీర బేరంలో నిమగ్నమై ఉన్నాను. నిశ్చేష్టుణ్ణై, ఎదుటి ఆవిడ అడిగిన ధరకే చీర ఇచ్చి పంపేశాను. మా నాన్న బతికి ఉంటే ఆ రోజు రెండు సంతాపాలు ప్రకటించేవాడు, టీచరుకొకటి, చీరకొకటి.

కావలిలో మేము డిగ్రీ చదివిన కాలేజీలో ఆమె ఆంగ్లోపన్యాసకురాలు. ఆ రోజుల్లో నాకు ‘బూర్’ అనే ఇంగ్లీషు మాట కొత్తగా దొరికింది. మర్యాద తెలియని మోటువాడని అర్థం. కొత్త సరుకు వస్తే దాచుకోలేని వంశం మాది. మడికి నీళ్లు కట్టి, బురద కాళ్లతో తరగతికి వచ్చిన మా సహపాఠి రమణయ్య మీద దాన్ని ప్రయోగించాను.

టీచరు కోప్పడలేదు. “సరుకు యాడిదో తెలీకుండానే అమ్ముతుండావే అబ్బయ్యా!” అన్నారు. ఆ మాట డచ్చివారి భాషకు చెందినదనీ, సేద్యం చేసేవాడని దాని మూలార్థమనీ, ఇంగ్లీషులోనూ తొలుత రైతునే సూచించిందనీ వివరించారు. పట్నవాసుల నోళ్లలో నలిగి నలిగి అది తిట్టుగా పతనమైందట. పొరుగువాణ్ణి పిలిచే ‘నైబర్’ కూడా దాని చుట్టమేనట. “తిట్టు పుట్టింది మడిలో కాదు, మన నోట్లో” అన్నారు.

ఆ పాఠానికి పరీక్ష చివరి సంవత్సరంలో వచ్చింది. కొడుకు సర్టిఫికెట్ల కోసం వచ్చిన రమణయ్య తండ్రి, మా పల్లెల్లో పెద్దలను సైతం ఆప్యాయంగా పలకరించే తీరులోనే, ప్రిన్సిపాల్‌ను “ఏం సారూ, బాగుండావా? ఒళ్లు చిక్కినావే!” అన్నాడు. దూరప్రాంతం నుంచి వచ్చిన ప్రిన్సిపాల్‌కు అది ధిక్కారంగా వినిపించింది. తండ్రి మీది కోపంతో కొడుకు కాండక్ట్ సర్టిఫికెట్‌లో ‘బూరిష్’ అని రాసేశారు. కృష్ణపట్నంలో రమణయ్యకు రావలసిన ఉద్యోగం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది.

శాఖాధ్యక్షురాలిగా టీచరు సంతకమూ అవసరం. ఆ మాట కొట్టివేసే దాకా ఎవరి సర్టిఫికెట్ మీదా సంతకం పెట్టనని, ఆమె ప్రిన్సిపాల్ గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా కాగితమూ ఆ కట్టలోనే ఉంది కనుక రాయబారానికి నేనే వెళ్లాను.

“టీచర్, మీరొక మెట్టు దిగండి, ఆయనొక మెట్టు దిగతాడు. ‘ఫర్వాలేదు’ అని రాయిస్తా.”

“అన్నం తిన్నావా?”

“తిన్నా టీచర్.”

“పండించినోణ్ణి తిట్టి, ఆ తిట్టులో సగం ఉంచమంటావా? పో, నీ బేరం అంగట్లో పెట్టుకో!”

మూడో రోజు ప్రిన్సిపాల్ ఆ మాట కొట్టివేసి ‘మంచిది’ అని రాశారు. రమణయ్యకు ఉద్యోగం వచ్చింది. టీచరుకు అధ్యక్ష పదవి పోయింది. ఆమె పక్షాన మేమెవరమూ నోరు విప్పలేదు. కాగితం చేతికి అందగానే నేను బస్సెక్కేశాను.

ఇప్పుడు కాలేజీవారు సంతాప తీర్మానంలో ఆమెను ‘మృదుభాషిణి, వివాదరహిత’ అని కొనియాడారట. నేను ఒప్పుకోను. ఆమె కలహశీలి. ఒక రైతు పలకరింపు గౌరవం కోసం కలహించి, పదవి కోల్పోయి, మర్నాడు మా తర్వాతి తరగతికి ప్రసన్నవదనంతో పాఠం చెప్పిన ధీర. ఆనాడు మింగిన మాట ఇన్నాళ్లకు చెబుతున్నందుకు సిగ్గుపడుతూనే, ఆ తీర్మానాన్ని దిద్దమని రాతపూర్వకంగా అడిగాను. దిద్దేదాకా అడుగుతాను. దిద్దినా తీరని లోటు ఒకటుంది. ‘పెట్టను’ అని ఎదురు నిలిచిన ఆ సంతకం ఇక ఏ బిడ్డ కాగితానికీ దొరకదు.